వాళ్ళు 3 హార్ట్స్ అన్నాక స్లామ్‌కి వెళ్ళడం ఎలా?

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మేం నలుగురం ఆదివారాలు బ్రిడ్జి ఆడే ఇల్లు మూడో అంతస్తులో ఉంటుంది. సముద్రం వైపు కిటికీ తెరిస్తే గాలికి ముక్కలు ఎగిరిపోతాయి, మూస్తే చెమటకు చేతికి అంటుకుంటాయి. ఒకరోజు ఆ ఉక్కపోతలో నా చేతికి ఈ ముక్కలు వచ్చాయి:

స్పేడ్స్: రాజు, రాణి, జాకీ, 8, 6
హార్ట్స్: 7, 4
డైమండ్స్: ఆసు, రాజు, 5
క్లబ్స్: రాణి, 9, 2

ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున 15 పాయింట్లు. నా ఎడమ పక్కాయన అందరికంటే ముందు 3 హార్ట్స్ అన్నాడు. ఎదురుగా కూర్చున్న నా పార్ట్నర్ గురువుగారు డబుల్ అన్నారు, అంటే "నా దగ్గర బలముంది, మిగతా రంగుల్లో నీది చెప్పు" అనే టేకౌట్ డబుల్. ఆయన నేవీలో పనిచేసి రిటైరైన మనిషి, నాకు బ్రిడ్జి నేర్పింది ఆయనే. కుడి పక్కాయన పాస్. అవతల కనీసం 13, 14 పాయింట్లుంటాయి, స్పేడ్స్ నాలుగుంటాయి, ఇంకేం కావాలి అనుకున్నాను. 4 నో ట్రంప్ అని ఆసులు అడిగాను. ఆయన రెండున్నాయన్నారు. మాకు లేనిది ఒక్క ఆసే కదా అని 6 స్పేడ్స్ అనేశాను. అంటే స్పేడ్స్ ట్రంపుగా 13 ట్రిక్కుల్లో 12 గెలుస్తానని, దాన్నే స్లామ్ అంటారు.

ఎడమ పక్కాయన హార్ట్ ఆసు కొట్టాడు, హార్ట్ రాజు కొట్టాడు. అక్కడితో అయిపోయింది. డమ్మీలో, అంటే బల్ల మీద పరిచిన గురువుగారి చేతిలో కూడా హార్ట్స్ రెండే ఉన్నాయి.

గురువుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఆసులు బాగానే లెక్కపెట్టావోయ్. ఆ రెండో హార్ట్‌ని ఎవడు కోస్తాడనుకున్నావు?" అన్నారు.

ఎదుటివాళ్ళు పెద్ద బిడ్‌తో మొదలుపెట్టినప్పుడు స్లామ్ వరకూ ఎలా వెళ్ళాలో, ఎక్కడ ఆగాలో ఆ దెబ్బ తర్వాతే నేను సరిగ్గా నేర్చుకున్నాను. మీకు మామూలు బిడ్డింగ్, టేకౌట్ డబుల్, బ్లాక్‌వుడ్ (4 నో ట్రంప్‌తో ఆసులు అడగడం) వచ్చనుకుని రాస్తున్నాను. మన పెద్దవాళ్ళు వాడే ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు పేర్లంటే నాకు ఇష్టమే గానీ, బ్రిడ్జి బల్ల దగ్గర అందరూ స్పేడ్స్, హార్ట్స్ అనే అంటారు కాబట్టి అవే వాడుతున్నాను.

కూర్చోకముందు: నాలుగు మాటలు మాట్లాడుకోండి

ప్రీఎంప్ట్ అంటే తెలిసిందే. బొమ్మలు తక్కువ, ఒకే రంగు ఏడు ముక్కలు, నేరుగా 3 లెవెల్లో బిడ్. మనం 1 స్పేడ్, 2 క్లబ్స్ అంటూ మెట్టు మెట్టుగా ఎక్కుతూ కబుర్లు చెప్పుకునే జాగా అంతా వాళ్ళు ఒక్క మాటతో మింగేస్తారు. మిగిలిన కాస్త చోట్లో ఒక్క బిడ్‌కి మీరో అర్థం, మీ పార్ట్నర్ ఇంకో అర్థం చెప్పుకుంటే కొంప మునుగుతుంది. అందుకే ఆట మొదలుపెట్టకముందే ఒక కాగితం మీద ఇవి రాసుకోండి.

వాళ్ళ ప్రీఎంప్ట్ మీద మన డబుల్ ఏ లెవెల్ దాకా టేకౌట్? 4 హార్ట్స్ దాకా అని పెట్టుకుంటే చాలామందికి సరిపోతుంది. వాళ్ళు 4 స్పేడ్స్ అంటే మన 4 నో ట్రంప్‌కి అర్థమేమిటి? అక్కడది ఆసుల ప్రశ్న కాదు, రెండు పొడుగు రంగులున్నాయని చెప్పే బిడ్‌గా పెట్టుకోండి. వాళ్ళు 2 స్పేడ్స్ అని బలహీనంగా మొదలుపెడితే మన 4 క్లబ్స్, 4 డైమండ్స్ ఏమిటి? ఆ మైనర్ (క్లబ్స్ లేదా డైమండ్స్) ఐదు, రెండో మేజర్ (ఇక్కడ హార్ట్స్) ఐదు ఉన్న బలమైన చేయి. దీన్ని లీపింగ్ మైకేల్స్ అంటారు. ఈ ఒక్క బిడ్‌తో పది ముక్కలు చూపించేస్తాం కాబట్టి, స్లామ్ ఉందో లేదో పార్ట్నర్ అక్కడికక్కడే తేల్చుకోగలడు. నాలుగోది 5 మేజర్ ప్రశ్న. దాని సంగతి కింద వివరంగా చెబుతాను, ఈ వ్యాసం రాస్తున్నదే దానికోసం.

బ్లాక్‌వుడ్ అడిగాక వాళ్ళు మధ్యలో దూరితే ఏం చెయ్యాలో కూడా ఒక ముక్క అనుకోండి. జవాబు చెప్పేవాడు డబుల్ అంటే ఆసు లేదు, పాస్ అంటే ఒకటి, పై రంగు అంటే రెండు. మొదటిసారి వినగానే తలకిందులుగా అనిపిస్తుంది గానీ రెండు వారాల్లో అలవాటైపోతుంది.

ఒకటో మెట్టు: పది సెకన్లు ఆగండి

వాళ్ళు మెట్లు వదిలేసి దూకే బిడ్ వేసిన వెంటనే తర్వాతి మనిషి ఓ పది సెకన్లు ఆగడం డూప్లికేట్ బ్రిడ్జిలో పద్ధతి. చేతిలో చెత్త ఉన్నా ఆగాలి, 20 పాయింట్లున్నా ఆగాలి. మీరు రెండు సెకన్లలో పాస్ అంటే ఏమీ లేదని పార్ట్నర్‌కి అర్థమైపోతుంది. ఇరవై సెకన్లు నుదురు రుద్దుకుని పాస్ అంటే ఏదో ఉందని అర్థమైపోతుంది. రెండూ తప్పే. ఆ పది సెకన్లు మొహంలో ఏమీ కనపడనీయకుండా కింది లెక్క చేసుకోండి.

రెండో మెట్టు: వాళ్ళ రంగు లెక్క

జాగా దోచుకున్నవాడు పోతూ పోతూ తన చేతి లెక్క చెప్పేసి వెళ్ళాడు. మామూలు ఆటలో ఎవరి దగ్గర ఏ రంగు ఎన్ని ముక్కలున్నాయో ఇంత తొందరగా తెలియదు. ఇక్కడ మొదటి బిడ్‌తోనే ఒకడి చేతిలో సగం ముక్కలు తెలిసిపోయాయి. ఆ సమాచారం వాడుకోకుండా జాగా పోయిందని ఏడవడమే మనం చేసే పెద్ద పొరపాటు.

13లోంచి 7 తీసేయండి, 6. అందులోంచి మీ చేతిలోవి తీసేయండి. మీ దగ్గర మూడుంటే మిగిలేవి మూడు. అవి మీ పార్ట్నర్‌కీ, ప్రీఎంప్ట్ చేసినవాడి పార్ట్నర్‌కీ మధ్య పంచుకోవాలి.

ఇప్పుడు ప్రీఎంప్ట్ చేసినవాడి పార్ట్నర్ ఏం చేశాడో చూడండి. అతను 4 హార్ట్స్ అని పెంచితే, బలహీనమైన చేయి అనిపిస్తే, దగ్గర మూడు ముక్కలున్నట్టే. 7, 3, మీ 3 కలిపితే 13. మీ పార్ట్నర్ దగ్గర హార్ట్ అన్నదే లేదు! మీ చేతిలో మూడు చెత్త హార్ట్స్ చూసి గుండె జారిపోయి ఉంటారు గానీ, నిజానికి అదే మీకు మంచి చేయి. మీ దగ్గర రెండుంటే పార్ట్నర్ దగ్గర ఒకటి లేదా సున్నా. వాళ్ళు పెంచడం వల్ల మనకు జాగా ఇంకా తగ్గింది, నిజమే. కానీ మనం అడగాలనుకున్న ప్రశ్నకి జవాబు వాళ్ళే చెప్పేశారు.

అతను పాస్ అంటే? అదీ ఒక కబురే. చేతిలో బొమ్మల్లేవు, హార్ట్స్ మాత్రం మూడున్నాయంటే చాలామంది ఊరుకోరు, పెంచుతారు. ఊరుకున్నాడంటే రెండే ఉండి ఉండొచ్చు. పైన చెప్పిన నా ఆటలో కుడి పక్కాయన పాస్ అన్నాడు. మిగిలిన నాలుగు హార్ట్స్ ఆయనకీ, గురువుగారికీ చెరి రెండు రావడానికి బోలెడంత అవకాశం ఉందని నేను అప్పుడే అనుకోవాల్సింది. అనుకోలేదు.

ఈ లెక్క మీద మరీ గుడ్డి నమ్మకం పెట్టుకోకండి. వాళ్ళు నాన్ వల్నరబుల్, మనం వల్నరబుల్ (అంటే బోనస్సులూ జరిమానాలూ పెద్దవైన స్థితి) అయితే చాలామంది ఆరు ముక్కలతోనే 3 అనేస్తారు. మూడో సీటులో, అంటే ముందు ఇద్దరూ పాస్ అన్నాక, మరీ రెచ్చిపోతారు. ఎందుకో లెక్క చూడండి: నాన్ వల్నరబుల్‌లో డబుల్ చేయించుకుని నాలుగు ట్రిక్కులు పోగొట్టుకున్నా వాళ్ళకి పోయేది 800. మనం వల్నరబుల్‌గా 6 స్పేడ్స్ ఆడి గెలిస్తే వచ్చేది 1430. 800 పడేసి 1430 ఆపడం వాళ్ళకి లాభసాటి బేరం. అదే వాళ్ళు వల్నరబుల్, మనం కాదు అన్నప్పుడు 3 హార్ట్స్ అంటే ఏడూ ఉన్నాయని నమ్మొచ్చు, రంగు కూడా గట్టిదే.

మూడో మెట్టు: మొదటి మాట

మీ కుడివైపు నుంచి ప్రీఎంప్ట్ వచ్చింది, మీ వంతు. ఇక్కడ పార్ట్నర్ దగ్గర 7, 8 పాయింట్లున్నాయని ఊహించుకుని బిడ్ వెయ్యాలి. గాలిలోంచి పట్టుకున్న అంకె కాదిది. మొత్తం 40. మీ దగ్గర 16 అనుకుందాం, ప్రీఎంప్ట్ చేసినవాడి దగ్గర 7, 8. మిగిలిన 16 లేదా 17 ఇద్దరికి పంచితే తలా ఎనిమిది.

వాళ్ళ రంగు తక్కువ, మిగతావి మూడూ పట్టగలిగితే డబుల్. మంచి ఐదారు ముక్కల రంగుంటే ఆ రంగు. వాళ్ళ రంగు ఆగేలా ఉండి, సొంతంగా ట్రిక్కులుంటే 3 నో ట్రంప్. బాగా బలమైన చేయి, 18, 19 దాటితే ముందు డబుల్, తర్వాత మీ రంగు. ప్రీఎంప్ట్ మీద మనం ఇంకో ప్రీఎంప్ట్ చెయ్యం. వాళ్ళు 2 హార్ట్స్ అంటే మీరు 3 స్పేడ్స్‌కి దూకడం బలానికే గుర్తు. ఈ మాట రాయనక్కర్లేదనుకున్నాను గానీ, ఆరు పాయింట్లతో 3 స్పేడ్స్ దూకినాయన మా బల్ల దగ్గరే ఉన్నాడు.

మీ చేతికి విలువ కట్టేటప్పుడు వాళ్ళ రంగులో మీకున్న రాణి, జాకీలను చిత్తు కాగితాల కింద లెక్కెయ్యండి. ఆసుకి పూర్తి విలువ ఉంటుంది. రాజు విలువ అది ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి, ఆ సంగతి తర్వాత. నా ఆటలో మా ఇద్దరికీ కలిపి 30 పాయింట్లు. మామూలుగా స్లామ్‌కి 33 కావాలంటారు. కానీ ఆ 30 ఎక్కడున్నాయి? స్పేడ్స్, డైమండ్స్, క్లబ్స్ మూడింటిలో ఉన్న బొమ్మలన్నీ మావే. వాళ్ళ 10 పాయింట్లూ హార్ట్స్‌లోనే. ఇలాంటి 30 పాయింట్లు 33 కన్నా ఎక్కువే, హార్ట్స్ ఒక్కటి ఆగితే.

నాలుగో మెట్టు: పార్ట్నర్ డబుల్ చేశాడు, మీ దగ్గర బలముంది

ముందు ఒక జాగ్రత్త. పార్ట్నర్ మీ దగ్గర 7, 8 ఉన్నాయని ఊహించుకునే డబుల్ చేశాడు. ఆ ఎనిమిదే చూసుకుని మీరు మళ్ళీ గెంతితే ఒకే డబ్బు రెండుసార్లు ఖర్చుపెట్టినట్టు. 8 ఉంటే మామూలు బిడ్, 10, 11 ఉండి మంచి రంగుంటే గేమ్, అంటే 4 హార్ట్స్, 4 స్పేడ్స్ లాంటి బోనస్ వచ్చే బిడ్. 13 దాటి, ఫిట్ (ఇద్దరికీ కలిపి సరిపడా ముక్కలున్న రంగు) ఖాయమై, బొమ్మలన్నీ వాళ్ళ రంగుకి బయట ఉంటేనే స్లామ్ ఆలోచన.

ఏ రంగులో ఆడాలో ఇంకా తేలకపోతే వాళ్ళ రంగే 4 లెవెల్లో అనండి. 3 హార్ట్స్ మీద పార్ట్నర్ డబుల్ చేస్తే మీ 4 హార్ట్స్ అంటే "నా దగ్గర చాలా ఉంది, నీ రంగు చెప్పు" అని.

రంగు తేలిపోయిందా? అప్పుడు మీకు మిగిలిన జాగాకి ఒక్క ప్రశ్నే పడుతుంది. బజారుకి పది రూపాయలతో వెళ్ళినట్టు, ఏది కొనాలో ఇంటి దగ్గరే తేల్చుకోవాలి. మీకు తెలియనిది ఏమిటి? నా ఆటలో నాకు తెలియనిది ఆసుల సంఖ్య కాదు. గురువుగారి చేతిలో హార్ట్స్ ఒకటా, రెండా అన్నదే. ఆయన చేయి ఇది:

స్పేడ్స్: ఆసు, 10, 9, 3
హార్ట్స్: 5, 3
డైమండ్స్: రాణి, జాకీ, 7
క్లబ్స్: ఆసు, రాజు, జాకీ, 6

ఇందులో హార్ట్ 3 తీసేసి డైమండ్ 4 పెట్టండి. ఆసులు అవే రెండు. పాయింట్లు అవే 15. కానీ ఇప్పుడు స్పేడ్స్ ఐదు, డైమండ్స్ నాలుగు, క్లబ్స్ నాలుగు వస్తాయి, పోయేది ఒక్క హార్ట్. స్పేడ్స్ మరీ దారుణంగా చీలకపోతే 12 ట్రిక్కులు చేతిలో ఉన్నట్టే. ఆ ఒక్క చిన్న ముక్క మారితే స్లామ్ ఉంది, మారకపోతే లేదు. బ్లాక్‌వుడ్‌కి రెండు చేతులూ ఒకే జవాబు చెబుతాయి. అంటే నేను జవాబు పనికిరాని ప్రశ్న అడిగాను.

అడగాల్సింది 5 స్పేడ్స్. వాళ్ళు ఒక రంగు బిడ్ చేశాక, గేమ్ దాటి 5 మేజర్‌కి దూకితే దానర్థం: "రంగు ఇదే. మిగతావన్నీ నేను చూసుకుంటాను. వాళ్ళ రంగులో మొదటి రెండు ట్రిక్కులూ పోకుండా నువ్వు ఆపగలవా?"

పార్ట్నర్ జవాబు తేలిక. వాళ్ళ రంగులో రెండో, మూడో చిన్న ముక్కలుంటే పాస్, మిగతా చేయి ఎంత అందంగా ఉన్నా పాస్. ఒంటి ముక్క ఉంటే 6 స్పేడ్స్. రాజు ఉంటే 5 నో ట్రంప్. ఆసున్నా, ఆ రంగు అసలు లేకపోయినా వాళ్ళ రంగు 6 లెవెల్లో, అంటే 6 హార్ట్స్. ఇక్కడ పార్ట్నర్ చేసే తప్పు ఒకటుంది: 15 పాయింట్లున్నాయి కదా అని హార్ట్స్ రెండు పెట్టుకుని కూడా 6 అనేయడం. ప్రశ్న పాయింట్ల గురించి కాదు. వంకాయలున్నాయా అని అడిగితే బెండకాయలు బాగున్నాయి బాబూ అన్నట్టుంటుంది.

దీనికో ఖరీదుంది. పార్ట్నర్ పాస్ అంటే 11 ట్రిక్కులు చెయ్యాలి. 5లో ఆగి అక్కడా ఒకటి పోగొట్టుకుంటే ఆ సాయంత్రం టీ కూడా చేదుగా ఉంటుంది. కాబట్టి 11 ట్రిక్కులు దాదాపు ఖాయంగా కనపడితేనే ఈ ప్రశ్న అడగండి. నా చేయి అలాంటిదే.

మరి 4 నో ట్రంప్ ఎప్పుడు? వాళ్ళ రంగుని మీరే ఆపగలిగినప్పుడు. కుడి పక్కాయన 3 డైమండ్స్ అన్నాడు, మీ చేయి ఇది:

స్పేడ్స్: ఆసు, రాజు, జాకీ, 8, 6, 4
హార్ట్స్: రాజు, రాణి, 5
డైమండ్స్: 8
క్లబ్స్: ఆసు, రాజు, 4

20 పాయింట్లు, కాబట్టి ముందు డబుల్. స్పేడ్స్ తర్వాత చెబుదామనుకున్నారు. పార్ట్నర్ ఏకంగా 4 హార్ట్స్‌కి దూకాడు. ఇప్పుడు డైమండ్స్‌లో ఒకటే పోతుందని మీకు తెలుసు, తెలియనిది హార్ట్ ఆసు. అదే 4 నో ట్రంప్‌తో అడగండి. ఉందంటే 6 హార్ట్స్, లేదంటే 5లో ఆగండి. ఈజ్లీ బ్లాక్‌వుడ్ 1933లో ఈ బిడ్ తయారుచేసింది స్లామ్‌కి వెళ్ళడానికి అనుకుంటాం గానీ, రెండు ఆసులు లేనప్పుడు మనల్ని 6కి వెళ్ళకుండా ఆపడమే దాని అసలు ఉద్యోగం.

ఐదో మెట్టు: 6 అనాలా, ఆగాలా?

మనం వల్నరబుల్. 4 స్పేడ్స్ దగ్గర ఆగి 12 చేస్తే 680, 6 స్పేడ్స్ ఆడి 12 చేస్తే 1430. తేడా 750. 6 స్పేడ్స్‌లో ఒకటి పోగొట్టుకుంటే మైనస్ 100, అదే 4 స్పేడ్స్‌లో 11 చేసి ఉంటే 650. తేడా మళ్ళీ 750. కాబట్టి సగానికి సగం అవకాశముంటే 6 అనొచ్చు. ఈ స్లామ్ బోనస్సులూ వల్నరబుల్ లెక్కలూ 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ అనే అమెరికా ధనికుడు పనామా కాలువ మీదుగా వెళ్ళే ఓడలో కూర్చుని కూర్చినవి. గురువుగారికి ఈ కథంటే మహా ఇష్టం, ఓడలో పని లేనివాడే ఇంత మెలిక లెక్క పెట్టగలడంటారు.

ప్రీఎంప్ట్ వచ్చినప్పుడు మాత్రం ఆ సగాన్ని కాస్త ఎక్కువ పెట్టుకోండి. ఒక చేతిలో ఏడు ముక్కలు ఒకే రంగైతే మిగతా మూడు రంగులకీ ఆరు ముక్కలే. ఎక్కడో ఒక రంగులో ఒంటి ముక్కో, ఖాళీయో ఉండే అవకాశం బాగా పెరుగుతుంది. మీ ట్రంపులు చెరి నాలుగే అయితే వాళ్ళ ఐదు ట్రంపులు 4-1గా చీలొచ్చు. తొమ్మిది ట్రంపులుంటే భయం తగ్గుతుంది. గ్రాండ్ స్లామ్ జోలికి వెళ్ళకపోవడమే మంచిది, పదమూడు ట్రిక్కులూ కళ్ళ ముందు లెక్క తేలితే తప్ప.

రాజు సంగతి తర్వాత చెబుతానన్నాను కదా. ప్రీఎంప్ట్ చేసినవాడు మీ ఎడమవైపు ఉన్నాడు, వాడి రంగులో మీ దగ్గర రాజు, ఒక చిన్న ముక్క ఉన్నాయి. ఆట మీ చేతి మీదుగా జరిగితే మొదటి ముక్క వాడే వెయ్యాలి, మీరు చివర ఆడతారు, రాజు భద్రం. అదే మీ పార్ట్నర్ ఆడితే మీ చేయి డమ్మీ అవుతుంది. కుడి పక్కాయన ఆ రంగు వేస్తాడు, మీ రాజు వెనకాల ఆసు, రాణి పట్టుకుని ప్రీఎంప్ట్ చేసినవాడు కాచుకుని ఉంటాడు. రెండు ట్రిక్కులు చకచకా పోతాయి. కాబట్టి అలాంటప్పుడు ఆట మీ వైపు తిప్పుకోండి, కావాలంటే 6 నో ట్రంప్ అయినా సరే. వాడు మీ కుడివైపు ఉంటే ఈ బెడద లేదు, ఎవరు ఆడినా రాజు వాడి తర్వాతే పడుతుంది.

6 అన్నాక వాళ్ళలో ఒకరు డబుల్ అంటే ఉలిక్కిపడకండి, కానీ ఎవరు డబుల్ చేశారో చూడండి. ప్రీఎంప్ట్ చేసినవాడే డబుల్ చేసి, మొదటి ముక్క వెయ్యాల్సింది వాడి పార్ట్నర్ అయితే, "నా రంగు వెయ్యకు, నా దగ్గర ఒక రంగు అసలు లేదు, అది వెయ్యి, కోస్తాను" అని అరిచి చెప్పినట్టే. దీన్ని లైట్నర్ డబుల్ అంటారు. వాళ్ళ రంగు మీరు ఆపగలిగి, ట్రంపు లేకుండా 12 లెక్క తేలితే 6 నో ట్రంప్‌కి పారిపోండి. నో ట్రంప్‌లో కోత ఉండదు. లెక్క తేలకపోతే దేవుడి మీద భారం వేసి పాస్ అనండి.

వాళ్ళు 4 స్పేడ్స్‌తో మొదలుపెడితే ఈ మెట్లు చాలావరకు పనిచెయ్యవు. అక్కడ అడగడానికి జాగా లేదు. బలముంటే డబుల్, పార్ట్నర్ చాలాసార్లు అలాగే వదిలేస్తాడు, వచ్చిన పాయింట్లు తీసుకోండి.

ఆరో మెట్టు: ఆడేటప్పుడు వాడి లెక్క వాడికే అప్పజెప్పడం

స్లామ్ బిడ్ చేసి సరిగ్గా ఆడకపోతే ఇదంతా దండగ. ప్రీఎంప్ట్ మనకిచ్చిన కానుక అసలు పనికొచ్చేది ఇక్కడే.

మీరు 6 స్పేడ్స్ ఆడుతున్నారు. మీ చేతిలో ట్రంపులు ఆసు, రాజు, జాకీ, 9, 6. డమ్మీలో 10, 8, 5, 3. రాణి లేదు. ఎడమ పక్కాయన 3 డైమండ్స్ అని మొదలుపెట్టాడు. మీ రెండు చేతుల్లో కలిపి డైమండ్స్ నాలుగున్నాయి, కాబట్టి కుడి పక్కాయనకి రెండు.

మామూలు రోజున తొమ్మిది ట్రంపులుంటే ఆసు, రాజు కొట్టి రాణి పడుతుందని చూస్తాం. ఫినెస్ (రాణి కుడివైపు ఉందని నమ్మి జాకీ వెయ్యడం) కన్నా దానికే వెంట్రుకవాసి మొగ్గు. ఇవాళ మామూలు రోజు కాదు. ఎడమ పక్కాయన చేతిలో డైమండ్స్ పోను మిగిలినవి ఆరు ముక్కలే. కుడి పక్కాయనకి పదకొండు. స్పేడ్ రాణి ఏ ఇంట్లో ఉండే అవకాశం ఎక్కువ? 17 చోట్లలో 11 కుడివైపే.

ముందు ట్రంపు ఆసు కొట్టండి. ఇద్దరూ చిన్న ముక్కలు వేశారు. ఇంకో రంగుతో డమ్మీకి వెళ్ళి అక్కడి నుంచి చిన్న ట్రంపు వెయ్యండి. కుడి పక్కాయన మళ్ళీ చిన్నదే వేశాడు. ఇప్పుడు తెలియనిది ఒక్క రాణి. ఎడమ చేతిలో ఇంకా తెలియని చోట్లు ఐదు, కుడి చేతిలో తొమ్మిది. 14లో 9 అవకాశాలు కుడివైపు. జాకీ వెయ్యండి. ఒకోసారి ఎడమ పక్కాయన ఒంటరిగా మిగిలిన రాణితో దాన్ని పట్టేస్తాడు, అందరూ మీ వైపు జాలిగా చూస్తారు. పట్టించుకోకండి, వచ్చే వారమూ అలాగే ఆడండి.

ఈ అంకెలు ఆట నడిచేకొద్దీ మారుతుంటాయి. ఎడమ పక్కాయన క్లబ్స్ మూడుసార్లు వేశాడంటే అతని ఆరు చోట్లలో మూడు నిండిపోయాయి, మళ్ళీ లెక్కపెట్టుకోండి. ఇంకో గమనిక: మొదటి ముక్క ప్రీఎంప్ట్ చేసినవాడిదే అయ్యి, ఏడు ముక్కల సొంత రంగు వదిలేసి వేరే రంగు వేశాడంటే అది ఒంటి ముక్కేమో అని అనుమానించండి. వీలైతే ట్రంపులు తొందరగా లాగెయ్యండి, లేకపోతే రెండోసారి ఆ రంగు వచ్చినప్పుడు కోసేస్తాడు.

ఇంట్లో సాధన

ఇది మేం హుద్‌హుద్ తర్వాత కనిపెట్టిన పద్ధతి. 2014 అక్టోబరులో ఆ తుఫాను పోయాక రోజుల తరబడి కరెంటు లేదు, నలుగురం కలవడానికి దారంతా పడిపోయిన చెట్లే. ఒకే బిల్డింగులో ఉన్న నేనూ గురువుగారూ కొవ్వొత్తి పెట్టుకుని ఇద్దరమే ఆడాం. గురువుగారు అప్పుడే ఒక మాటన్నారు: తుఫానొస్తుందంటే పెద్ద ఓడల్ని రేవులో కట్టెయ్యరు, సముద్రంలోకి తోలేస్తారు, అక్కడ కదలడానికి చోటుంటుంది. ప్రీఎంప్ట్ రాగానే ప్రతిసారీ పాస్ అని రేవులో ముడుచుకునేవాడిని నేను అప్పట్లో.

పేకలోంచి ఏడు హార్ట్స్ తీసి, ఆసు ఉన్నా లేకపోయినా ఒకటో రెండో బొమ్మలు వాటిలో ఉండేలా చూసి, పడమర చేతికి ఇవ్వండి. మిగతా 45 ముక్కలు కలిపి, పడమరకి ఆరు, మిగిలిన ముగ్గురికీ పదమూడేసి పంచండి. పడమర 3 హార్ట్స్ అన్నట్టే, తూర్పు పాస్ అన్నట్టే అనుకుని మీరిద్దరూ ఉత్తరం, దక్షిణం చేతులు బిడ్ చెయ్యండి. అయ్యాక నాలుగు చేతులూ తిప్పి చూడండి. ప్రతి ఆటకీ ఒక కాగితం మీద మూడు అంకెలు రాయండి: మీ పార్ట్నర్ దగ్గర హార్ట్స్ ఎన్ని ఉన్నాయనుకున్నారు, నిజంగా ఎన్ని ఉన్నాయి, ఎన్ని ట్రిక్కులు వస్తాయి. స్లామ్ వచ్చే చేతులు అరుదే, ఇరవై పంచితే ఒకటో రెండో తగలొచ్చు. మిగతావాటిలో మొదటి రెండు అంకెలు ఎంత దగ్గరకొస్తున్నాయో చూసుకోండి. మొదటి రోజు నావి ఇరవైలో ఏడే కలిశాయి.